అంబాసిడర్ స్పీడోమీటరు ముల్లు ఊగుతోంది, మీటరు మార్చాల్సిందేనా?

ప్రశ్న (గుంటూరు):
మా నాన్నగారి అంబాసిడర్, మార్క్ 4, 1984 మోడల్. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ముల్లు 20కీ 50కీ మధ్య ఊగుతుంది. వేగం పెరిగాక కాస్త కుదురుకుంటుంది. పొద్దున్నే బండి తీస్తే డాష్‌బోర్డు వెనుక టిక్కుటిక్కుమని చప్పుడు. కిలోమీటర్ల అంకెలు మాత్రం సక్రమంగానే తిరుగుతున్నాయి. మీటరు పోయింది, వేరే బండిది తెచ్చి వేస్తానంటున్నాడు మెకానిక్కు. నాన్నగారేమో ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (తెనాలి):
మా జీపుకూ ఇదే తంతు. మీటరు వెనుక రంధ్రంలో నాలుగు చుక్కలు ఇంజిన్ ఆయిల్ వేశాను, సద్దుమణిగింది.

జవాబు (విజయవాడ, ఆటోనగర్):
బాబూ, ఆ ఆయిల్ మాట మాత్రం వినకండి. నా బల్ల మీదికి వచ్చే మీటర్లలో చాలావాటిని పాడుచేసింది అదే. గేరుబాక్సు నుంచి మీటరుకు ఒక కేబుల్ వస్తుంది, గొట్టంలో తిరిగే తీగ అది. మీటరు లోపల దానితో పాటు ఒక అయస్కాంతం తిరుగుతుంది. దాని మీద అల్యూమినియం గిన్నె ఉంటుంది, రెండూ తాకవు. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో విద్యుత్తు పుట్టి అది వెంట వెళ్లబోతుంది, వెంట్రుకంత స్ప్రింగు పట్టి ఆపుతుంది. ఆ లాగులాటే ముల్లు చూపే వేగం. ఆ సందులోకి ఆయిల్ చేరిందంటే గిన్నె అంటుకుపోయి ముల్లు ఉన్న వేగం కంటే ఎక్కువ చూపిస్తుంది.

కిలోమీటర్ల అంకెలు పళ్లచక్రాలతో నేరుగా కేబుల్ మీద నడుస్తాయి. అవీ ఆగిపోతే కేబుల్ తెగిందో, గేరుబాక్సులో దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం, పినియన్, అరిగిందో అనుకోవాలి. అంకెలు తిరుగుతూ ముల్లు అసలు లేవకపోతే జబ్బు మీటరులో ఉన్నట్టు. మీది రెండూ కాదు. ఊగుడు, టిక్కుటిక్కు రెండూ కలిశాయంటే నా అనుమానం కేబుల్ మీదే. లోపలి తీగ ఎక్కడో మెలికపడితే మొరాయించిన ఎద్దులా ఆగి ఆగి దూకుతుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడే అది బాగా తెలుస్తుంది.

మీటరు వెనుక నట్టు విప్పి తీగను పైకి లాగండి. శుభ్రంగా తుడిచి గాజుబల్ల మీద దొర్లించండి. వంకర ఉంటే ఎగిరెగిరి పడుతుంది, అలాంటిది మార్చాల్సిందే. బాగుంటే పలచగా గ్రీజు రాయండి, పై జానెడు మాత్రం పొడిగా వదిలేయండి. గ్రీజు పైకి పాకే గుణం ఉన్నది. తీగ మీద గేరుబాక్సు ఆయిల్ కనిపిస్తే అక్కడ ఆయిల్‌ను ఆపే సీలు కూడా చూడాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు గారూ. తీగ ఒకచోట నిజంగానే ఎగిరింది. కొత్త పాటల పెట్టె బిగించినవాళ్లు వైర్ల కట్టను కేబుల్ మీదికి నెట్టి టేపు చుట్టేశారు, సరిగ్గా అక్కడే కేబుల్ మడతపడి ఉంది. కొత్త కేబుల్ వేసి, వైర్లు పక్కకు కట్టాను. ముల్లు నిలిచింది. ఇక అది చూపే వేగం నిజమేనా అన్నది ఎలా తెలుసుకోవాలి?

జవాబు (విజయవాడ, ఆటోనగర్):
మంగళగిరి వైపు హైవే ఎక్కి, రద్దీ లేని వేళ ముల్లు 60 దగ్గర నిలపండి. ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయికి సరిగ్గా నిమిషం పట్టాలి. గడియారం నాన్నగారి చేతికివ్వండి, మీరు రోడ్డు చూడండి. టైర్లు అసలు సైజువి కాకపోతే మీటరు బాగున్నా లెక్క తప్పుతుంది, అది ముందే చూసుకోండి. పాటల పెట్టె వాళ్లను మాత్రం ఇకపై డాష్‌బోర్డు కింద ఒంటరిగా వదలకండి.