‘లో కీ’ ఫోటోకి ‘ఓరవెలుగు’ అందామా?

చుట్టూ చీకటి ఉంచి, ముఖంలో ఒక వైపే వెలుగు పడేలా తీసే ఫోటోని ‘లో కీ’ అంటారు. ఇంట్లో పెద్దవాళ్లకి అలా తీసే పోర్ట్రెయిట్‌ని తెలుగులో ఏమనాలని ఒకరు అడిగితే, ‘చీకటి చిత్రం’, ‘మసకవెలుగు చిత్రం’ అని సూచనలు వచ్చాయి. రెండింటితోనూ నాకు పేచీ ఉంది.

మసక అనగానే తేటగా కనపడకపోవడం గుర్తొస్తుంది. కళ్లు మసకలు కమ్మాయంటాం. ఈ పద్ధతిలో వెలుగు పడినంత మేరా అన్నీ తేటగా ఉండాలి: నుదుటి ముడతలు, ముక్కుపుడక, దుద్దుల బరువుకి సాగిన చెవి తమ్మె. నీడ వైపు మాత్రం దాదాపు ఏమీ కనపడదు. ముఖంలో వెలుగు వైపుకీ నీడ వైపుకీ తేడా మామూలు ఫోటోల్లో 2 నుంచి 4 రెట్లు ఉంటే, ఇందులో 8 రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ‘చీకటి చిత్రం’ అంటే కొత్తవాళ్లు ఫోటో మొత్తాన్నీ నల్లగా తీసేస్తారు.

నేను ‘ఓరవెలుగు’ అంటాను. ఓరచూపు, ఓరకన్ను, ఓరవాకిలి మనకి ఉన్నవే. ఓర అంటే పక్క, వార. ఈ ఫోటోకి కావలసిందీ అదే, ఒక పక్క నుంచి వచ్చే ఒకే వెలుగు. మాది గుంటూరు. మా నాయనమ్మకి ‘లో కీ’ అంటే ఏం తెలుస్తుంది? ‘తలుపు ఓరగా వేసి ఆ వెలుతురులో తీస్తానే’ అంటే తనే కుర్చీ జరుపుకుని కూర్చుంటుంది. పేరులోనే పని చెప్పే మాట అది.

పని కూడా తేలికే. ట్యూబ్‌లైటు ఆర్పేయాలి. తెల్ల సున్నం గోడ వెలుగుని తిప్పికొట్టి నీడని చెరిపేస్తుంది కాబట్టి, నీడ వైపు ముదురు రంగు దుప్పటో శాలువో వేలాడదీయాలి. మనిషి తలుపుకి దగ్గరగా, వెనక గోడకి దూరంగా ఉంటే గోడ దానంతటదే నల్లబడుతుంది. ఫోన్ కెమెరా ఆటో మోడ్‌లో ఉంటే ఆ నలుపు చూసి ఫోటోని తెల్లగా చేసేస్తుంది, చామనఛాయ ముఖం పాలిపోతుంది. వెలుగు పడ్డ చెంప మీద వేలు ఆనించి, బ్రైట్‌నెస్ కిందకి లాగాలి. ముడతలు చెరిపే ఫిల్టర్లు మాత్రం దయచేసి వాడకండి. ఆ ముడతల కోసమేగా ఇంత శ్రమ!

వేళ కూడా చూసుకోవాలి. దీపాలు పెట్టే వేళ లైట్లు ఆర్పమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోమని అడగకూడదు కూడా. పొద్దున కాఫీలయ్యాక మేలు. నల్లటి వెనకతెర మీద ఒంటరిగా ముఖం తీస్తుంటే ‘దండ వేయడానికట్రా?’ అని అడిగేవాళ్లుంటారు. ఆ మాట వెనక దిగులుంటుంది. ఒడిలో మనవరాలినో, చేతిలో జపమాలనో ఉండనిస్తే ఆ దిగులు చాలావరకు తగ్గుతుంది. చేతుల మీద పడే ఓరవెలుగు ముఖం మీది దానికంటే బాగుంటుందని నా అభిప్రాయం.

‘ఛాయాచిత్రం ఉండగా మళ్లీ కొత్త మాటెందుకు’ అన్నారొకరు. ఛాయ అంటే నీడ, కాంతి, ఒంటి రంగు కూడా. మంచి మాటే, కానీ అది ఫోటోలన్నిటికీ పేరు. ఈ ఒక్క తీరుని విడిగా చెప్పలేదు.

బెజవాడ వైపు వాళ్లు ఒక్కటి చెప్పండి. సగం తెరిచిన తలుపుని మీ ఇళ్లలో ‘ఓరగా’ అంటారా, ‘చేరవేసి’ అంటారా, ఇంకేదైనా మాట ఉందా?