అప్‌డేట్: నాన్నకి రక్తం ఎందుకు తగ్గిందో తెలిసింది

రెండు నెలల కిందట నేను అడిగింది ఇదీ: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, నాన్నకి కిడ్నీ జబ్బు, హిమోగ్లోబిన్ (ఎర్ర కణాల్లో ఆక్సిజన్ మోసే పదార్థం) 7కి పడిపోయింది, రక్తం ఎక్కించాలా అని. జవాబిచ్చిన అందరికీ దండాలు.

ఎర్ర కణాలు తయారయ్యేది ఎముక మూలుగలో. కానీ తయారు చేయమని కబురు పంపేది కిడ్నీయేనట! ఆ హార్మోన్ పేరు ఎరిత్రోపోయిటిన్. కిడ్నీ పాడైతే కబురు తగ్గిపోతుంది. ఎర్ర కణం బతికేది సుమారు 120 రోజులే, పాతవి పోతుంటే కొత్తవి రావు. మేమేమో తిండి చాలక అనుకుని బీట్‌రూట్ జ్యూసులు తాగించాం.

ల్యాబ్‌లో నాన్న రక్తాన్ని మెషిన్‌లో గిర్రున తిప్పి తీసిన ట్యూబు చూపించారు. పైన లేత పసుపు ద్రవం, అదే ప్లాస్మా, మధ్యలో తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు కలిసిన సన్నని తెల్లటి పొర, అడుగున ఎర్ర కణాల ఎరుపు. మగవాళ్లకి ఆ ఎరుపు ట్యూబులో 40 శాతం పైనే ఉండాలి. నాన్నది పావు వంతు కూడా లేదు. అది చూశాక ఆయన నాలుగడుగులకే ఎందుకు ఆయాసపడేవారో అర్థమై ఏడుపొచ్చింది.

రక్తం ఎక్కించలేదు. దానివల్ల ఒంట్లో పరాయి కణాల మీద పోరాడే యాంటీబాడీలు పుడితే రేపు కిడ్నీ మార్పిడికి అడ్డం కావచ్చన్నారు డాక్టరు గారు. ముందు ఐరన్ సెలైన్‌లో ఇచ్చి, తర్వాత ఆ హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. వీటితో బీపీ పెరగొచ్చు కాబట్టి రోజూ చూస్తున్నాం.

నిన్నటి రిపోర్టులో హిమోగ్లోబిన్ 8.9. పొద్దున్న నాన్న జీడితోట దాకా తనే నడిచి వెళ్లొచ్చారు.