చీటీలో పేరుంటే నేరం రుజువైనట్టేనా?

సెషన్స్ జూనియర్:
బాకీ వసూలుకు రెండుసార్లు ఇంటికి వెళ్లిన ఒక చిన్న వ్యాపారి ఇప్పుడు జైల్లో ఉన్నాడు. అప్పు తీసుకున్నాయన ఆత్మహత్య చేసుకుంటూ చీటీలో ఇతని పేరు రాశాడు. ఆత్మహత్యకు ప్రేరేపించాడని కేసు. కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లో సెక్షన్ 108, అంటే పాత ఐపీసీ 306: నాన్‌బెయిలబుల్, పదేళ్ల వరకు జైలు. సెషన్స్ కోర్టులో జూనియర్ లాయరుగా నా మట్టుకు చీటీ ఒక్కటే చాలదు. ప్రేరేపణ అంటే చట్టం చెప్పేవి మూడే: ఉసిగొల్పడం, కుట్రలో చేరడం, కావాలని సాయపడటం. 2001లో ఛత్తీస్‌గఢ్ కేసు చూడండి. భర్త కోపంలో "నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో, ఎక్కడికైనా పో" అన్నాడు, భార్య ప్రాణం తీసుకుంది. ఆమె చావాలన్న ఉద్దేశం లేకుండా ఆవేశంలో అన్న మాట ఉసిగొల్పడం కాదని సుప్రీంకోర్టు 306 కొట్టేసింది. భార్యను వేధించినందుకు 498ఏ శిక్ష మాత్రం నిలిచింది. 2010లో మన ఆంధ్రప్రదేశ్ కేసూ అలాంటిదే. ఆత్మహత్య చేసుకున్న పాలేరు మీద అంతకుముందు నగల దొంగతనం నింద వేసి, అడ్వాన్సు 7,000 తిరిగి కట్టమన్న యజమానికి కింది కోర్టులు శిక్ష వేస్తే సుప్రీంకోర్టు విడిచిపెట్టింది.

తమ్ముడి అక్క:
ఆ పాలేరు కేసే నాకు మింగుడుపడదు. ఊళ్లో దొంగ అనిపించుకున్నవాడికి మళ్లీ పని ఎవరిస్తారు? మా వాడు లోన్ యాప్‌లో ఆరు వేలు తీసుకున్నాడు. కాంటాక్టుల్లో ఉన్నవాళ్లందరికీ వాడి ఫొటో మార్ఫింగ్ చేసి పంపారు, మా పెద్దమ్మకి కూడా. ఆఖరి రోజుల్లో ఫోన్ మోగితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. రాత్రిళ్లు దాన్ని బియ్యం డబ్బాలో దాచేవాడు. "చచ్చిపో" అని వాళ్లలో ఒక్కరూ అనలేదు. అందుకని వాళ్ల తప్పు లేనట్టేనా?

సెషన్స్ జూనియర్:
లేదక్కా. ఆ 2001 తీర్పులోనే ఇంకో మాట ఉంది. ఎడతెగని ప్రవర్తనతో మనిషికి చావు తప్ప దారి లేని పరిస్థితి కల్పిస్తే, అందులోంచే ఉసిగొల్పడాన్ని ఊహించుకోవచ్చని. మీ తమ్ముడి విషయం దానికి దగ్గరగా ఉంది. రెండుసార్లు బాకీ అడగడం వేరు, బంధువులందరి ముందు పరువు తీయడం వేరు. నేను భయపడేది ఆ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారని.

రిటైర్డ్ హెడ్డు:
స్టేషన్‌లో జరిగేది చెప్తాను. మొదట బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 194 కింద, పాత సీఆర్‌పీసీ 174, అనుమానాస్పద మృతిగా రాస్తాం. శవంతో బంధువులు రోడ్డెక్కారంటే సాయంత్రానికల్లా సెక్షన్ మార్చి కోర్టుకు మెమో వెళ్తుంది. చీటీ దస్తూరి చూడమని ల్యాబ్‌కు పంపితే దర్యాప్తు అయిపోయినట్టే అనుకునేవాళ్లు ఉన్నారు. అంతకుముందు నెల రోజులు ఎవరు ఎన్నిసార్లు ఫోన్ చేశారు, ఏమన్నారు అన్నది ఫైల్లో ఉండదు. ఏళ్ల తర్వాత కేసు వీగిపోయేది అక్కడే. కుటుంబం ఆవేదన చల్లార్చడానికి ఈ సెక్షన్‌ని యాంత్రికంగా వాడొద్దని 2025 జనవరిలో సుప్రీంకోర్టు పోలీసులకు గట్టిగానే చెప్పింది. నేను దాన్ని ఒప్పుకుంటాను. నిజంగా వేధించినవాడు తప్పించుకునేది కూడా ఈ తొందరపాటు వల్లే.

కొత్త సభ్యుడు:
పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య ఆత్మహత్య చేసుకుంటే, తన తప్పు లేదని భర్తే నిరూపించుకోవాలి కదా?

సెషన్స్ జూనియర్:
అంత సూటిగా కాదు. భర్తో అత్తింటివాళ్లో క్రూరంగా చూశారని ముందు ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. ఆ తర్వాత కూడా కోర్టు ప్రేరేపణను ఊహించవచ్చు అంతే, ఊహించి తీరాలని లేదు. వరకట్న మరణంలో అయితే ఊహించి తీరాలి.

రిటైర్డ్ హెడ్డు:
అమ్మా, తమ్ముడి ఫోన్ రీసెట్ చేయకండి, యాప్ తీసేయకండి. స్క్రీన్‌షాట్ ప్రింట్లు ఒక్కటే నిలవవు, కొత్త సాక్ష్య చట్టం బీఎస్ఏ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. ఫోన్‌ని పంచనామా రాయించి అప్పగించి, రసీదు తీసుకోండి. ఇంట్లో ఎవరికైనా మనసు బాగోకపోతే మానసిక సాయం కోసం ఉన్న టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయించండి, తెలుగులోనే మాట్లాడతారు.

తమ్ముడి అక్క:
ఫోన్ నా దగ్గరే ఉంది. రోజూ ఛార్జింగ్ పెడుతున్నాను, ఎందుకో తెలియకుండానే. సోమవారం స్టేషన్‌కు తీసుకెళ్తాను.