ముక్కు దూలం ఎక్కడుంది?

ప్రశ్న:
అమ్మకి పైదవడలో ఇంప్లాంట్ పెట్టడానికి సీబీసీటీ స్కాన్ (దవడని అన్ని వైపుల నుంచీ చూపించే 3డీ ఎక్స్-రే) తీయించాం. అందులో పళ్ళతోపాటు ముక్కు లోపలి భాగమూ పడింది. డాక్టర్ గారు చూసి, "ముక్కు దూలం ఎడమకి వంగి ఉందమ్మా, చాలామందికి ఉండేదే" అన్నారు. అమ్మ కళ్ళజోడు తీసి, ముక్కు మీద పైనుంచి కిందికి వేలితో రాసుకుని, "తిన్నగానే ఉందిగా!" అంది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్, అద్దంలో చూసుకుంటూనే ఉంది.

మా ఇంట్లో ముక్కు దూలం అంటే కళ్ళజోడు ఆనే చోటే. డాక్టర్లేమో రెండు రంధ్రాల మధ్య గోడని అలా అంటున్నారు. ఏది సరైంది?

జవాబు:
రెండూ వాడుకలో ఉన్నవే. ఇంటి దూలం కప్పుని మోసినట్టు, పైకి కనపడే ముక్కు కుంగిపోకుండా లోపలి గోడ ఆసరా ఇస్తుంది. అందుకే పేరు లోపలికి పాకి ఉంటుందని నా ఊహ. కానీ పేషెంటు వేలు పైకే పోతుంది కాబట్టి లోపలిదాన్ని వేరే మాటతో చెప్పడమే మంచిది.

పాశ్చాత్యులూ ఇంటి చుట్టూ, పొలంలో కనపడే వస్తువుల పేర్లే పెట్టారు. రెండు రంధ్రాల మధ్య గోడకి వాళ్ళ పేరు సెప్టమ్, అంటే లాటిన్‌లో కంచె, దడి. ఆ గోడలో వెనకవైపు ఎముక వోమర్, అంటే నాగటి కర్రు! దాని పైన ఉన్న ఎథ్మాయిడ్ ఎముక పేరు గ్రీకు జల్లెడ నుంచి వచ్చింది. పక్క గోడల నుంచి లోపలికి వంకీ తిరిగే మడతలు కాంకాలు. ఆ మాటకి మూలమైన గ్రీకు పదం మన శంఖానికి చుట్టమే. ఈ మడతల్లో మధ్యదాని లోపల గాలి చేరి ఉబ్బితే కాంకా బుల్లోసా. బుల్లా అంటే నీటి బుడగ. నేనైతే 'గాలి శంఖం' అంటాను. దీన్ని కూడా "ముక్కులో కండ పెరిగింది" అనేస్తే నాకు బాధగా ఉంటుంది. అది కండ కాదు, లోపల గాలి ఉన్న ఎముక.

మరొకరు:
స్కాన్‌లో ఒకవైపు మడత వాచినట్టు కనపడినా భయపడక్కర్లేదు. కొన్ని గంటలకోసారి ఒకవైపు ఉబ్బుతుంది, రెండోవైపు తగ్గుతుంది. సూర్యనాడి, చంద్రనాడి మారడం అని మన యోగంలో చెప్పేది ఈ మార్పు గురించే.

ప్రశ్న అడిగిన నేనే:
దడి సంగతి అమ్మకి చదివి వినిపించాను. "దడి ఇంటి బయట కదరా, లోపల ఉండేది తడిక. మా పాకలో వంటింటికీ పడుకునే చోటికీ మధ్య ఉండేది. అది ఒరిగినా కాపురం ఆగలేదు" అంది. అద్దం గూట్లో పెట్టేసింది.