శుక్రవారం హ్వెషిక్ (తోటివాళ్లంతా కలిసి చేసే విందు): తరచుగా, అప్పుడప్పుడు, అసలు... కొరియన్‌లో ఎలా చెప్పాలి?

కొత్త సభ్యుడు:
అందరికీ నమస్కారం. ఈ మధ్యే దక్షిణ కొరియాలోని డేజన్‌లో పీహెచ్‌డీలో చేరాను. హంగుల్ (కొరియన్ లిపి) చదవగలను గానీ భోజనాల దగ్గర ల్యాబ్ వాళ్లు "ఇది తింటావా, అది తాగుతావా" అంటే అవును, కాదు తప్ప నోట మాట రావడం లేదు. శుక్రవారం ల్యాబ్ వాళ్లందరితో హ్వెషిక్. నేను శాకాహారిని, మందు ముట్టను. కాస్త సాయం చేయండి.

జవాబు:
టెన్షన్ పడకు తమ్ముడూ. చాజు అంటే తరచుగా, కాక్కుమ్ అంటే అప్పుడప్పుడు. మాటల వరస మన తెలుగులో లాగే, క్రియకు ముందు పెట్టేయడమే. "ఖొఫి చాజు మాషొయో": కాఫీ తరచుగా తాగుతాను. "ఎప్పుడూ" అనడానికి పుస్తకాల్లో హాంగ్‌సాంగ్ నేర్పుతారు. స్నేహితులు మెన్నల్ అంటారు, అది ప్రొఫెసర్ దగ్గర వద్దు.

నీకు అసలు పని "తినను" దగ్గరే. ప్యొల్లో, చొన్‌హ్యొ రెండూ వ్యతిరేక క్రియతోనే వస్తాయి. "కోగి ప్యొల్లో అన్ మొగొయో" అంటే మాంసం పెద్దగా తినను అని. అలా అన్నావంటే ప్రేమగా ఓ ముక్క నీ ముందు పెడతారు. "కొయి అన్ మొగొయో" అన్నా అంతే, దాదాపు తినను అనే కదా అర్థం. అందుకని "కోగి చొన్‌హ్యొ అన్ మొగొయో", అసలు తినను అని గట్టిగా చెప్పు. కోగి అంటే చాలామందికి చేప గుర్తుకు రాదు. "సెంగ్‌సొన్‌దో అన్ మొగొయో" అని చేప సంగతి కూడా చెప్పేయ్. కిమ్చీలో కూడా మామూలుగా ఉప్పులో ఊరిన చేపో రొయ్యో పడుతుంది, అడిగి తిను.

మందుకు "సుల్ చొన్‌హ్యొ మోన్ మాషొయో" అను. "అన్" అంటే తాగను, "మోన్" అంటే తాగలేను. రాసేటప్పుడు అది మోత్, "మా" ముందు మోన్ అని పలుకుతుంది. తాగలేను అంటే ఎవరూ నొచ్చుకోరు, బలవంతమూ తగ్గుతుంది.

ఇంకో జవాబు:
అన్నయ్య చెప్పినవి సరిపోతాయి. ఒక్క జాగ్రత్త బాబూ: వంట ఎలా ఉందని అడిగితే "ప్యొల్లోయెయో" అనకు, బాగాలేదని మొహాన చెప్పినట్టే.

ఎన్నిసార్లని అడిగితే "ఇల్‌చుఇరె హన్ బొన్", వారానికి ఒకసారి. కొరియన్‌లో అంకెలు రెండు రకాలు. "బొన్" (సారి) ముందు హన్, తు, సే, నే (ఒకటి, రెండు, మూడు, నాలుగు) అనే లెక్కే వాడాలి. ఇల్, ఈ, సమ్ కాదు. మందుల షాపులో చెప్పేటప్పుడూ ఇదే వింటావు: "హారుఎ సే బొన్", రోజుకు మూడుసార్లు. దాంతోపాటు "సిఖు సమ్‌షిప్‌పున్" అంటే తిన్నాక 30 నిమిషాలకు వేసుకోవాలి.