కలకత్తాలో ఒక్క రోజే ఉంటే: రేవు వైపా, విక్టోరియా వైపా?

గోదారిగట్టు:
ఒక్క రోజుకి వచ్చినవాళ్లని తిన్నగా విక్టోరియా మెమోరియల్‌కి తోలడం మానండి. ఆ ఊరికి ఊపిరి హుగ్లీ రేవు. ఆర్మీనియన్లు, పోర్చుగీసులు, బాగ్దాదీ యూదులు, చైనావాళ్లు వచ్చింది ఆ రేవు వ్యాపారానికే. వాళ్ల గుళ్లన్నీ బ్రబోర్న్ రోడ్డు చుట్టుపక్కలే, నడిచి తిరిగేంత దూరంలో ఉన్నాయి. ఆర్మీనియన్ చర్చి 1724లో కట్టింది. ఆవరణలో 1630 నాటి సమాధి రాయి ఉంది. కలకత్తాని స్థాపించాడని చెప్పుకునే ఆంగ్లేయుడు జాబ్ చార్నాక్ దిగింది 1690లో!

విశాఖమెయిల్:
ఒక్క సమాధి రాయితో ఊరి వయసు తేలదండీ. చార్నాక్‌ని వ్యవస్థాపకుడు అనకూడదని హైకోర్టు 2003లోనే చెప్పేసింది, ఆ గొడవ వదిలేద్దాం. అసలు చిక్కు నడక. పనిదినం పదింటి తర్వాత అక్కడి టోకు మార్కెట్ బడాబజార్‌లో తోపుడు బళ్లు, మూటలు మోసే కూలీలు, మనుషులు ఒకరి మీద ఒకరు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని అక్కడికి ఎలా తీసుకెళ్తారు? విక్టోరియా తోటలో కూర్చోడానికైనా చోటుంటుంది.

గోదారిగట్టు:
అందుకే ఆదివారం వెళ్లమంటాను. దుకాణాలు చాలావరకు మూసేసి ఉంటాయి, రోడ్డు ఖాళీ. పొద్దున్నే పోద్దార్ కోర్ట్ భవనం దగ్గర, పాత చైనావాళ్ల పేట తిరెట్టా బజార్‌లో చైనా ఫలహారం: మోమో, చేప ఉండల సూప్, పంది మాంసం బన్ను. తినేవాటిలో ఏ మాంసం ఉందో అడిగి తీసుకోండి. ఎనిమిది దాటితే గిన్నెలు ఖాళీ.

పాతపటం:
ఆదివారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది, దాన్ని నమ్ముకుంటే ఆ ఫలహారం దక్కదు. హౌరాలో ప్రీపెయిడ్ టాక్సీ ఎక్కండి. ఇంకో మాట, కోరమండల్‌లో వస్తే బండి ఆగేది హౌరాలో కాదు, షాలిమార్‌లో. టికెట్ చూసుకోండి.

మాగెన్ డేవిడ్ సినగాగ్ (యూదుల గుడి, 1884) దగ్గర చాలామంది పొరబడతారు. ఎర్ర ఇటుక గోడలు, ఎత్తైన గోపురం చూసి చర్చి అనుకుని దాటిపోతారు. పైగా గేటు ముందు సంచుల అంగళ్లు. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోండి. శనివారం యూదుల విశ్రాంతి దినం కాబట్టి ఆ రోజు పెట్టుకోవద్దు.

విశాఖమెయిల్:
సరే, ఆదివారమైతే ఒప్పుకుంటా. కానీ సోమవారం వచ్చినవాళ్లకి విక్టోరియా మ్యూజియం కూడా ఉండదు, తోటే దిక్కు. నది చూడాలంటే మెట్రో చాలదా? నది కిందే పోతుందిగా.

పాతపటం:
కింద పోతే కనిపించేది సొరంగం గోడ. 520 మీటర్ల ఆ ముక్క నిమిషం లోపే అయిపోతుంది. సరదాకి ఒకసారి ఎక్కండి, అంతే. నది చూడాలంటే హౌరా స్టేషన్ ఎదుటి రేవులో లాంచీ ఎక్కి ఫెయిర్లీ ఘాట్‌లో దిగండి. చిల్లర చాలు. 1943 నాటి హౌరా వంతెన పూర్తిగా కంటికి ఆనేది నీళ్ల మీద నుంచే. వంతెన మీద నిలబడి ఫోటోలు తీస్తే పోలీసులు వారించొచ్చు.

అమావాస్య, పున్నమి రోజుల్లో మాత్రం జాగ్రత్త. సముద్రపు పోటు గోడలా నదిలోకి ఎగదన్నుతుంది, అక్కడ 'బాన్' అంటారు. ఆ వేళకి లాంచీలు ఆపేస్తారు. కౌంటర్లో అడిగాకే టికెట్ తీసుకోండి.

గోదారిగట్టు:
అయితే పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు తిరెట్టా, సినగాగ్ రెండూ చూసుకుని లాంచీ ఎక్కేయొచ్చు. ఆర్మీనియన్ చర్చి సందులోకి మాత్రం టాక్సీ రాదు, ఆ కాస్తా నడవాల్సిందే.