బ్యాగేజీ స్కానర్ దగ్గర ఎనిమిది గంటల షిఫ్టు: రేడియేషన్ సంగతి ఏమిటి?

గేటు డ్యూటీ:
గుడి గేటు దగ్గర సామాన్ల ఎక్స్-రే స్కానర్, 60×40 సెం.మీ. సొరంగం. సంచులు పెట్టే వైపు పరదాలో రెండు పట్టీలు ఊడిపోయాయి. సంచులు ఇరుక్కుంటే చేత్తో నెడుతున్నాం. మా టీమ్‌లో ఒక మేడమ్ గర్భవతి. సీసం ఏప్రన్లు అడగాలా? అసలు పక్కన కూర్చోవడమే ప్రమాదమా?

సర్వీస్ టెక్:
అన్నా, కూర్చోవడం సంగతి తర్వాత. ముందు చేత్తో నెట్టడం ఆపించండి. ఈ సైజు యంత్రాల్లో ఎక్స్-రే పుట్టించే ట్యూబు మామూలుగా 140 నుంచి 160 కిలోవోల్టుల మీద నడుస్తుంది, కరెంటు మాత్రం ఒక మిల్లీఆంపియర్ అటూఇటూగా. కిరణం సొరంగం నిండా పరుచుకోదు. సన్నటి చీలికలోంచి విసనకర్రలా విచ్చుకుని, మధ్యలో ఒక్కచోట అడ్డంగా పడుతుంది. చుట్టూ సీసం రేకు ఉంటుంది కాబట్టి, రేకులన్నీ బిగించి ఉంటే, మిగిలిన దారులు రెండు మూతులే. వాటికి కాపలా సీసం కలిపిన రబ్బరు పరదా. పట్టీ ఊడిన చోట, సంచికి తగిలి చెదిరిన కిరణాలు నేరుగా సంచులు పెట్టేవాళ్ల నడుము ఎత్తుకే వస్తాయి.

ఇంకో విషయం, సొరంగంలోని కాంతి సెన్సర్‌కి చెయ్యేదో సంచేదో తెలియదు. ఏది అడ్డొచ్చినా ట్యూబు ఆన్ అవుతుంది.

ఇరుక్కునేవి ఎక్కువగా పరదా బరువును తోయలేని తేలికపాటి చేతిసంచులు, కవర్లు. వాటిని ట్రేలో పెట్టండి, వేలాడే పట్టీలు లోపలికి మడవండి. అయినా ఆగితే కన్సోల్ నుంచి బెల్టు వెనక్కి తిప్పండి. రాకపోతే ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, ఎరుపు ఎక్స్-రే దీపం ఆరిందని చూశాకే చెయ్యి పెట్టాలి. తాళంచెవి యంత్రానికే వదిలేస్తే పక్కవాళ్లు ఆన్ చేసేస్తారు.

రేడియేషన్ సేఫ్టీ:
లెక్క చెప్తాను. ఒంటికి తగిలే రేడియేషన్‌ను సీవర్ట్‌లలో కొలుస్తారు, వెయ్యి మైక్రోసీవర్ట్‌లు ఒక మిల్లీసీవర్ట్. బయటి రేకు దగ్గర గంటకు 1 మైక్రోసీవర్ట్ లోపు అని తయారీదారులు సాధారణంగా హామీ ఇస్తారు. అమెరికా నిబంధన ప్రకారం 5 సెం.మీ. దూరంలో గంటకు 0.5 మిల్లీరాంట్‌జన్ దాటకూడదు, అంటే దాదాపు 5 మైక్రోసీవర్ట్‌లు. ఏడాదికి 300 షిఫ్టులు, షిఫ్టుకు 8 గంటలు, అందులో మూడోవంతు సేపు కిరణం ఆన్‌లో ఉందనుకోండి: 800 గంటలు. అంటే గంటకు 1 చొప్పున, రేకుకు అతుక్కుని కూర్చున్నా 0.8 మిల్లీసీవర్ట్. సామాన్య ప్రజలకు ఏఈఆర్‌బీ (మన దేశపు అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టిన పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్. ప్రకృతి నుంచి అందరికీ వచ్చేదే ప్రపంచ సగటున 2.4. కుర్చీ మీటరు దూరం జరిపితే మీ వాటా ఇంకా తగ్గుతుంది.

అందుకని ఏప్రన్ అక్కర్లేదు. బరువు మోసి నడుం నొప్పి తెచ్చుకోవడమే. మేడమ్‌ను సంచులు పెట్టే వైపు నుంచి, బొమ్మలు చూసే మానిటర్ దగ్గరికి మార్చండి. రేడియేషన్ పనిలో ఉన్నవారి విషయంలోనైనా, గర్భం సంగతి తెలియజేశాక బిడ్డకు మిగతా నెలలన్నిటికీ కలిపి పరిమితి 1 మిల్లీసీవర్టే. ఈ లెక్క మొత్తం పరదా నిండుగా ఉన్న యంత్రానికే సుమా.

గేటు డ్యూటీ:
మరి ఊడిన పరదాతో ఎంత వస్తోందో ఎలా తెలుసుకోవాలి?

రేడియేషన్ సేఫ్టీ:
సర్వే మీటరుతో, అంటే రేడియేషన్ కొలిచే చేతి పరికరంతో. తక్కువ శక్తి ఎక్స్-రేను సరిగా చూపేది, కాలిబ్రేషన్ గడువు దాటనిది కావాలి. చాలామంది పొరబడేది ఇక్కడే: ఖాళీ బెల్టు తిప్పి సున్నా అంటారు. చెదరగొట్టే వస్తువు లేకపోతే లీకు బయటపడదు. మూత గట్టిగా బిగించిన 5 లీటర్ల నీళ్ల క్యాన్‌ను ట్రేలో పంపండి. ఒక సంచికి కిరణం ఉండేది కొన్ని సెకన్లే, మీటరు ముల్లు నిలకడగా నిలబడేసరికి అదీ అయిపోతుంది. కాబట్టి వరసగా నాలుగైదు సార్లు పంపాలి. మొదట యంత్రం ఆపేసి సహజ రీడింగ్ రాసుకుని, దాన్ని తీసివేయండి. హైదరాబాద్ లాంటి గ్రానైట్ నేలల మీద ఆ అంకె కాస్త ఎక్కువే ఉంటుంది, కంగారు పడొద్దు. రెండు మూతులు, రేకుల అతుకులన్నీ, కుర్చీ ఉన్న చోటు చూడండి.

సర్వీస్ టెక్:
అతుకుల మాట బాగా చెప్పారు. సర్వీసు తర్వాత రేకుకు రెండు స్క్రూలు తక్కువ బిగించి వెళ్తారు, సన్నటి సందు మిగులుతుంది. రేకు తెరిస్తే ట్యూబు ఆగాల్సిన ఇంటర్‌లాక్ స్విచ్‌కి టేపు వేసి ఉంటే మాత్రం ఆ యంత్రాన్ని ఆ పూటే ఆపించండి. బెల్టు ఖాళీగా ఉన్నా ఎరుపు దీపం వెలుగుతుంటే సెన్సర్ అద్దం మీద దుమ్ము ఉందేమో చూడాలి. కరెంటు ఆపి పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే తరచూ సరిపోతుంది.

రద్దీలో సంచి వెనకాలే సంచి ఆనించి పెడితే పరదా మూసుకోదు. మధ్యలో జానెడు ఎడం వదలమనండి.

గేటు డ్యూటీ:
స్కానర్‌లో వెళ్లిన ప్రసాదం తినొచ్చా అని భక్తులు రోజూ అడుగుతారు.

రేడియేషన్ సేఫ్టీ:
నిక్షేపంగా తినొచ్చు. ట్యూబు ఆగిన క్షణమే ఎక్స్-రే లేదు, వస్తువులో ఏమీ మిగలదు. కడుక్కోవాల్సింది మీ చేతులు, అదీ పాత పరదాను ముట్టుకుంటే. చిరిగిన పట్టీల నుంచి రాలే సీసం కడుపులోకి పోతే విషమే. కత్తెరతో కత్తిరించొద్దు. ఊడిన వాటిని కవర్లో కట్టి సరఫరాదారుకే ఇచ్చేయండి. అదే సైజు, అంతే సీసం మందం ఉన్న కొత్త పట్టీలు వచ్చాక నీళ్ల క్యాన్‌తో మళ్లీ కొలిచి, అంకెలు లాగ్‌బుక్‌లో రాయించండి.